ఓడను ఆపిన ఆవిరి

మిరపకాయలు ఏరే చేతులతో ఎవరూ ఫోను ముట్టుకోరు. మర్చిపోయి ముట్టుకుంటే ఆ ఘాటు అద్దానికి పట్టుకుని, తర్వాతెప్పుడో చెంపకు ఆనించుకున్నప్పుడు మంట పుట్టిస్తుంది. నా చర్మానికైతే కాయ అసలే పడదు. కాసేపు తాకితే చాలు, పొక్కులు లేస్తాయి. అందుకని మా కళ్లంలో నాకు ఏరే పని చెప్పరు. నీళ్లందించడం, గోనెసంచులు సర్దడం, టార్పాలిన్ పట్టాలు పరవడం, ఎవరికైనా ఫోనొస్తే స్పీకర్ పెట్టి వాళ్ల ముందు పట్టుకోవడం నా పని.

అన్నయ్య ఫోను కూడా అలాగే వచ్చేది. వదిన కాయల ముందు కూర్చుని, ఎర్రటివి ఒకవైపు, తెల్లబడిన తాలు కాయలు ఇంకోవైపు వేస్తూనే మాట్లాడేది. చుట్టూ కూలికి వచ్చిన ఆడవాళ్లు. వాళ్ల మధ్యలో మా అమ్మ మౌలాబీ. అన్నయ్య ఏం చెప్పినా ముందు వాళ్లందరూ వినేవాళ్లు, ఆ తర్వాతే వదినకు జవాబు చెప్పే వంతు వచ్చేది. అప్పటికి ఆమెకు మిగిలే మాటలు "తిన్నావా", "చలిగా ఉందా", "సరే" మాత్రమే.

అన్నయ్య పేరు రంజాన్. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో జనరేటర్లు బాగుచేసేవాడు. నవంబర్‌లో, మా చేలో మిరప పూత మీద ఉన్నప్పుడు, అంటార్కిటికా వెళ్లాడు. దక్షిణ ధ్రువం ఉన్న ఆ మంచు ఖండంలో మన దేశానికి స్థావరం ఉంది. అక్కడి ఎండాకాలం జట్టులో జనరేటర్ మెకానిక్‌గా తీసుకున్నారు. వాళ్ల ఎండాకాలం మార్చితో అయిపోతుంది. అప్పుడు ఓడ వచ్చి ఆ జట్టును తీసుకెళ్తుంది. చలికాలం జట్టు మాత్రమే అక్కడ ఉంటుంది. ఇక మళ్లీ నవంబర్ దాకా ఎవరూ పోలేరు, ఎవరూ రాలేరు.

వదిన నజ్మీన్ మా మేనమామ కూతురే. లంగా ఓణీల నాటి నుంచీ అన్నయ్యను "బావా" అనే పిలిచేది. పెళ్లయి ఏడాది తిరక్కుండానే అన్నయ్య బయల్దేరాడు. వదిన ఏడవలేదు. బెంగ పెట్టుకున్నట్టు కనిపించలేదు కూడా. కాకపోతే వారానికోసారి అన్నయ్య చొక్కాలు బీరువాలోంచి తీసి, ఉతికి, దండెం మీద ఆరేసేది. ఎవరూ తొడగని చొక్కాలు.

"ఉతికి ఉతికి చింపుతావా ఏందే?" అని అమ్మ అడిగితే, "దుమ్ము పడతా ఉంది అత్తా" అనేది. మూసిన బీరువాలోకి దుమ్మెలా పోతుందో అమ్మ అడగలేదు.

ఫిబ్రవరిలో మొదటి కోత కాయ కళ్లంలో పరిచాం. మధ్యాహ్నం ఎండకు ఆ ఎరుపు మీద గాలి వణికినట్టు కనిపించేది. వదిన పని ఆపి దాన్నే చూస్తూ ఉండేది.

"మస్తానీ, ఇంత కాయలోంచి ఇంత తడి పోతది గదా. ఎక్కడికి పోతది?"

"ఆవిరై పైకి పోతుంది వదినా. మేఘమవుతుంది. బళ్లో చెప్పలా?"

"అది తెలుసులే. ఆ తర్వాత ఎటు పోతది అని." కాసేపాగి, కాయల వైపు చూస్తూనే అంది. "మీ అన్న ఉండే దిక్కుకు పోతదా?"

నేను ఆ ప్రశ్నను అలాగే అన్నయ్యకు పంపాను, వదిన అడిగిందని చెప్పకుండా. అన్నయ్య స్థావరంలో త్రినాథ్ గారని, వాతావరణం చూసే ఆయన ఉన్నారు. శ్రీకాకుళం వైపు మనిషి. అక్కడ తెలుగు వచ్చినవాళ్లు వాళ్లిద్దరే. అన్నయ్య ఆయన్ను అడిగి, రెండు రోజుల తర్వాత పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది కళ్లంలో అందరూ విన్నారు.

"ఇక్కడి గాలి మన కళ్లం కన్నా పొడిగా ఉంటది. మంచు కురిపించేంత తడి దానికి సొంతంగా ఉండదు. ఎక్కడో వెచ్చటి సముద్రాల మీద లేచిన ఆవిరిని తుఫాన్లు పోగు చేసుకుంటాయంట. ఆకాశంలో ఏరులాగా సన్నగా, పొడుగ్గా చేసి, వేల మైళ్లు తోలుకొచ్చి ఇక్కడ మంచు కొండలకు కొడతాయంట. ఆ కొండలెక్కేటప్పటికి చల్లబడి మంచై పడిపోద్ది. ఏడాదంతా పడే మంచులో పెద్ద వాటా అట్టాంటి కొద్దిపాటి తుఫాన్లదే అన్నాడు త్రినాథ్ సారు. ఈ మంచంతా పరాయి సముద్రాల నీళ్లే."

తర్వాత అసలు జవాబు. "మన వైపు ఆవిరి ఇక్కడికి రాదంట. భూమధ్యరేఖ అడ్డం. ఇటు గాలులు ఇటే, అటు గాలులు అటే. మన బంగాళాఖాతం తుఫాను తడి ఎంత దూరం పోయినా ఉత్తరానికే పోద్ది. పోతే గీతే పై ధ్రువానికి. ఇక్కడ పడేది మారిషస్ దిక్కు సముద్రాలది."

హనుమాయమ్మత్త నోరు నొక్కుకుంది. ఆమె మా కూలి ముఠాకు పెద్ద. "చూశావా మౌలాబీ, ఆవిరిక్కూడా సరిహద్దులంట!"

వదిన గుప్పెడు కాయలు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, గింజ మోగుతోందో లేదో విని, మళ్లీ పరిచింది. నేను దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం మెల్లగా అంది. "అయితే మనది వేరేవాళ్లకు పోతదన్నమాట."

మార్చి రెండో వారంలో అన్నయ్య ఫోను వచ్చిన రోజు కళ్లం నిండా మనుషులున్నారు. రెండో కోత కాయ అప్పుడే పరిచాం. మొదటి కోతది ఏరుతున్నారు. నేను స్పీకర్ పెట్టి వదిన ముందు పట్టుకున్నాను.

ముందు హనుమాయమ్మత్త అందుకుంది. "ఏమయ్యా రంజానూ, ఆడ మంచుగడ్డల్లో పడి మా పిల్లను మర్చిపోయినావా?"

"మర్చిపోతే ఫోనెందుకు చేస్తానత్తా?"

"అయితే ఒక ముద్దు పెట్టు ఫోన్లో. మేమంతా కళ్లు మూసుకుంటాంలే."

"కళ్లు మూసుకుంటావు సరే. చెవులో?"

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. వదిన చెంపలు కాయలతో పోటీపడ్డాయి. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అన్నయ్య నవ్వు ముందు ఆగిపోయింది.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. చలికాలం జట్టులో ఇద్దరు మెకానిక్కులుంటారు. వాళ్లలో ఒకాయన జారి పడ్డాడు. చెయ్యి విరిగింది. ఆయన్ను ఓడలో పంపించేస్తున్నారు. ఆయన బదులు నన్ను ఉండమంటున్నారు. రేపటికల్లా చెప్పాలి. ఓడ రేపే వెళ్లిపోద్ది."

"ఉండటమంటే ఎప్పటిదాకారా?" అమ్మ అడిగింది.

"నవంబర్ దాకా."

"ఓయమ్మో!" అని ఎవరో అన్నారు. "వచ్చే నెల పండక్కి ఇంట్లో ఉంటాడనుకున్నాం గదా!"

అమ్మ నడుము నిటారుగా పెట్టుకుని కూర్చుంది. అందరూ తనవైపు చూస్తున్నారని ఆమెకు తెలుసు. "అంతమందిని చలికి వదిలేసి వస్తావా ఏంది? పిలిచి మరీ ఉండమన్నారంటే నీ పని నచ్చబట్టే గదా. మన మండలంలో ఎవరికి దక్కింది? ఉండు నాయనా. మేమంతా లేమా ఇక్కడ?"

"అది కాదమ్మా..." అన్నయ్య ఆగాడు. "నజ్మీ, నువ్వేమంటావ్?"

కళ్లంలో చేతులన్నీ ఆగిపోయాయి. కాయలు కదిలే గలగల ఆగిపోయి, రోడ్డు మీద వెళ్లే ట్రాక్టర్ చప్పుడు ఒక్కటే మిగిలింది. నేను ఫోను ఇంకాస్త దగ్గరికి జరిపాను. వదిన ఫోను వైపు కాక అమ్మ వైపు చూసింది. తర్వాత హనుమాయమ్మత్త వైపు, ఆ వెనక వంగి చూస్తున్న మొహాల వైపు.

"నీ ఇష్టం బావా."

"నిజంగానా?"

"ఊఁ."

అన్నయ్య "సరే అయితే" అన్నాడు చివరికి. లైను తెగింది.

మళ్లీ చేతులు కదిలాయి, మాటలు మొదలయ్యాయి. నేను మాత్రం వదిన చేతుల్నే చూస్తున్నాను. నిగనిగలాడే ఎర్రకాయ ఒకటి తాలు కుప్పలోకి వెళ్లింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత గుప్పెడు.

"కళ్లెక్కడ పెట్టుకున్నావమ్మాయ్?" అని అరిచింది హనుమాయమ్మత్త. "బంగారంలాంటి కాయను తాల్లో పోస్తన్నావు!"

వదిన ఉలిక్కిపడి, తాలు కుప్పంతా ముందుకు లాక్కుని మళ్లీ మొదటి నుంచీ ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం, ప్రకాశం, గుంటూరు వైపు వానలు పడొచ్చని మెసేజ్. కొత్తపట్నంలో పడవలు ఒడ్డుకు లాగేశారని హనుమాయమ్మత్త మేనల్లుడు చెప్పాడట. మేఘం ఇంకా కనిపించకముందే ఊళ్లో ప్రతి కళ్లంలోనూ పట్టాలు కప్పారు. మేమూ కప్పాం. మొదటి కోత కాయ సంచుల్లోకి ఎక్కింది కాబట్టి దాని గురించి బెంగ లేదు. రెండో కోత కాయ సగం కూడా ఎండలేదు. దాన్ని కుప్పలుగా లాగి, పైన పట్టాలు పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టాం. వదిన ఒక పట్టా మీద ఇంకో పట్టా వేసింది. రాళ్లు చాలవని గట్టు మీంచి ఇంకొన్ని మోసుకొచ్చింది.

సాయంత్రం అన్నయ్య మెసేజ్ వచ్చింది. మాటల వెనక గాలి హోరు.

"నేనుంటానని చెప్పేశాను. కానీ ఓడ వెళ్లలేదు. ఇక్కడ పెద్ద తుఫాను పట్టుకుంది. నేను చెప్పలా, ఆవిరిని ఏరులాగా తోలుకొస్తదని? అదే. మారిషస్ దిక్కు నుంచి సూటిగా మా మీదికే వచ్చింది. వెచ్చగా అయిపోయింది. నమ్ముతారో లేదో, మొదట మంచు కాదు, వాన పడింది. పాతవాళ్లు కూడా నోరు తెరుచుకుని చూశారు. ఇప్పుడు మంచు. ఎదురుగా చెయ్యి చాపితే చెయ్యి కనపట్టంలా. మమ్మల్ని ఓడకు చేర్చేది హెలికాప్టరే గదా, అది ఎగరలేదు. ఓడ దూరంగా నిలబడిపోయింది. ఈ తడంతా కురిసి తేలిపోయేదాకా కదలదు."

వదిన ఆ మెసేజ్‌ను మళ్లీ పెట్టమంది. విన్నాక ఇంకోసారి పెట్టమంది. తర్వాత ఒక్కటే అడిగింది.

"అంటే ఓడ ఇంకా ఆడనే ఉందా?"

"ఉంది వదినా."

ఆ రాత్రి మాకు వాన పడలేదు. మర్నాడూ పడలేదు. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి ఉంది, అంతే. పట్టాలు కప్పినప్పుడు ఒక పద్ధతుంది. వాన పడకపోతే మధ్యాహ్నం పూట కాసేపైనా పట్టా ఎత్తి గాలి తగలనివ్వాలి. పచ్చికాయ ఊపిరి పీల్చుకోవాలంటుంది అమ్మ. ఆ రోజు అమ్మ పట్టా అంచు మీద రాయి తీయబోతే వదిన ఆపింది.

"ఉండనీ అత్తా. మబ్బు చూడు ఎట్టా ఉందో."

"గాలి తగలకపోతే కాయ చెమరస్తదే."

"వాన పడితే మొత్తం పోతది గదా."

అమ్మ ఆకాశం వైపు చూసింది. అప్పుడే ఫోన్లో ఇంకో హెచ్చరిక మోగింది. అమ్మ రాయిని మళ్లీ దాని చోట పెట్టేసింది.

వదిన ఆ రెండు రోజులూ ఆకాశం వైపు చూసినన్నిసార్లు నా ఫోను వైపు చూసింది. అడిగేది కాదు. నేను జేబులోంచి తీస్తే చేతిలో పని ఆపేది. "తుఫాను తగ్గలేదట" అని నేనే చెప్పేదాన్ని. ఆమె మొహంలో ఒక రకమైన తేలిక కనిపించేది. మేఘం మన మీద ఉండకూడదు, అక్కడ మాత్రం ఉండాలి. ఆమె కోరుకునేది అదేనని నాకు అర్థమైంది. అన్నయ్య ఉంటానని చెప్పేశాక కూడా ఓడ కదలనంత సేపూ ఏదీ అయిపోలేదన్నట్టు ఉండేది.

మూడో రోజు పొద్దునే ఎండ కాసింది. మేఘం విరిగి ఎటో పోయింది. అందరం పరుగెత్తుకుని కళ్లానికి వెళ్లాం. రాళ్లు తీసి, అమ్మా వదినా చెరో కొసా పట్టుకుని పట్టా లాగారు.

కుప్పలోంచి ఆవిరి లేచింది. పొయ్యి మీద అన్నం మూత తీసినట్టు, తెల్లగా, దట్టంగా. దానితో పాటు పుల్లటి వాసన. కాయ మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని, చాలా వాటికి తెల్లటి మచ్చలు తేలాయి. అడుగున ఉన్నవి నల్లబడ్డాయి.

అమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. "అల్లా! ఒక్క చుక్క వాన పడలేదే! దాని చెమటకు అదే కుళ్లిపోయింది! చెబుతానే ఉన్నా గదే గాలి తగలనియ్యమని!"

"సగం తాలుకే పోద్ది ఇది" అంది హనుమాయమ్మత్త, చేతిలోకి తీసుకుని చూస్తూ. "పరవండే, పల్చగా పరవండి. ఉన్నకాడికైనా దక్కుద్ది."

ఆడవాళ్లు కుప్ప మీద పడ్డారు. వదిన కూడా మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా కాయ లాగి పరిచింది. ఆవిరి ఇంకా ఆమె మొహం చుట్టూ తిరుగుతోంది. కొంతసేపు అలా పరిచి, ఉన్నట్టుండి లేచింది. కుండ దగ్గరికి వెళ్లింది. మా మధ్యాహ్నం మజ్జిగ అందులో ఉంది. చెంబుతో ముంచి, మోచేతుల దాకా పోసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.

పని మధ్యలో ఎవరూ చేతులు కడగరు. పొద్దుగూకాక, ముందు నూనె రుద్దుకుని తర్వాత మజ్జిగతో కడుగుతారు. మధ్యలో తడి తగిలి, మళ్లీ కాయలో చెయ్యి పెడితే మంట ఓర్చుకోలేరు.

"దానికేమైనా పిచ్చి పట్టిందా?" అంది హనుమాయమ్మత్త. "తాగే మజ్జిగ! ఏమ్మే, ఇంకా పొద్దు నడినెత్తికన్నా రాలేదు!"

వదిన పమిట చెంగుకు చేతులు తుడుచుకుని నా దగ్గరికొచ్చింది. "మస్తానీ, ఫోను తీసుకుని రా."

"ఎక్కడికి?"

"ఆ పత్తికట్టె వెనక్కి."

మేమిద్దరం నడుస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. "ఏంది ఆ రహస్యాలు? మా ముందు మాట్లాడకూడదా ఏం?"

"నువ్వు ముందు కాయ పరువు హనుమాయమ్మా" అంది అమ్మ. ఆ గొంతులో కోపం ఉన్నట్టు లేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ మా వైపు చూడకుండా కాయ లాగుతోంది.

పత్తి తీసేశాక పీకి పేర్చిన కట్టె గట్టున ఎత్తుగా ఉంది. దాని వెనక నీడలో కూర్చున్నాం. ఫోను కలవడానికి చాలాసేపు పట్టింది. నేను స్పీకర్ పెట్టబోతే వదిన నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకుంది. అయినా అన్నయ్య గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. అక్కడి గాలిని దాటాలని గట్టిగా మాట్లాడతాడు.

"ఏమ్మా మస్తానీ, వాన పడిందా?"

"నేను బావా."

"నజ్మీ! ఏందీ, అందరూ బాగానే..."

"వచ్చెయ్."

వదిన ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"వచ్చెయ్ బావా. ఓడ ఇంకా ఉంది గదా. వచ్చెయ్."

"మొన్న అడిగితే నా ఇష్టమన్నావు గదే."

"అంతమంది ముందు అడుగుతావా? అత్త అప్పటికే చెప్పేసింది. హనుమాయమ్మత్త నా నోట్లోకి చూస్తా ఉంది. నేనేం చెప్పాలి అప్పుడు?"

"అట్టని నాకెట్టా తెలుస్తది?"

"తెలవాలి." వదిన గొంతు పెరిగింది. అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. "చిన్నప్పటి నుంచీ చూస్తన్నావు గదా, తెలవాలి."

 అటు గాలి ముందంత లేదు. అన్నయ్య గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. నేను దగ్గరికి వంగి విన్నాను.

"నజ్మీ, త్రినాథ్ సారు ఇంకో సంగతి చెప్పాడు. ఇక్కడ మంచు కురిపించే సముద్రమే మన వైపుకు కూడా నీళ్లు పంపిద్దంట. జూన్ వచ్చేటప్పటికి గాలులు తిరిగి, భూమధ్యరేఖ దాటుకుని, ఆ ఆవిరిని మన నైరుతి వానల్లో తోలుకొస్తాయంట. అంటే ఇక్కడ నా మీద పడేదీ, అక్కడ మన చేలో పడేదీ ఒకే..."

"నాకు వాన కాదు కావాల్సింది" అంది వదిన.

అన్నయ్య ఆ మాట పూర్తి చేయలేదు.

"అడుగుతాను" అన్నాడు. "లీడర్ సారును అడుగుతాను. తుఫాను తేలిపోతా ఉంది. రేపు హెలికాప్టర్ ఎగురుద్దంటున్నారు. రేపు పొద్దునే చేస్తాను."

ఆ రోజంతా వదిన కడిగిన చేతులతోనే మళ్లీ కాయలో కూర్చుంది. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. ఇంటికొచ్చాక అమ్మ నూనె గిన్నె తెచ్చి, వదిన చేతులు తన ఒడిలో పెట్టుకుని రాసింది. మంటకు వదిన పళ్లు బిగబట్టింది. వాళ్లిద్దరూ ఫోను సంగతి మాట్లాడుకోలేదు. పోయిన కాయ సంగతి కూడా.

మర్నాడు తెల్లవారుతుండగా ఫోను వచ్చింది. వదిన అప్పటికే లేచి, వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నేను పక్కనే పీట మీద కూర్చున్నాను.

"అడిగావా?" అంది వదిన, ఏ పలకరింపూ లేకుండా.

"అడిగాను. వెళ్లాలనుకుంటే వెళ్లమన్నాడు. పట్టుబట్టనన్నాడు. ఓడలో చోటుంది."

వదిన ముందుకు వంగింది.

"కానీ నజ్మీ... నేనొస్తే ఇంజన్ల గదిలో ఇంకొకడే మిగులుతాడు. నిన్న వాడితో కూర్చున్నాను. రాజస్థాన్ కుర్రాడు. వాడు ఏమీ అడగలేదు. టీ పోసిచ్చాడు. ఈ ఇరవై నాలుగు మందికీ వెలుగూ వేడీ నీళ్లూ అన్నీ ఆ ఇంజన్లే. వాడికి జ్వరమొచ్చి పడుకుంటే... నెలల తరబడి ఉండే చలికాలం చీకటి పడ్డాక ఇక్కడికి ఎవరూ రాలేరు." అన్నయ్య గొంతు సర్దుకున్నాడు. "నేను రాలేను."

బయట కోడి కూసింది. 

"తెలుసు" అంది.

"నజ్మీ..."

"నువ్వు రావని నిన్న ఫోను పెట్టేసినప్పుడే తెలుసు. వచ్చేవాడివైతే వాన సంగతి చెప్పేవాడివి కాదు." ఫోను రెండు చేతులా పట్టుకుంది. "అయినా రమ్మన్నాను. గుర్తుపెట్టుకో. నేను ఒప్పుకుని ఉన్నావని అనుకోవద్దు. నేను రమ్మంటే రాకుండా ఉన్నావు. ఆ తేడా నీకు తెలిసుండాలి."

"తెలుసు" అన్నాడు అన్నయ్య. కాసేపటికి, "నిన్నటి నుంచీ అదే తెలుస్తా ఉంది" అన్నాడు.

అప్పుడు ఫోన్లోంచి ఒక మోత మొదలైంది. అన్నయ్య గట్టిగా చెప్పాడు. "హెలికాప్టర్. చివరి విడత వాళ్లు ఎక్కారు. విను."

ఫోను బయటికి చాపినట్టున్నాడు. మోత పెరిగి పెరిగి వంటిల్లంతా నిండింది. గిన్నెలు అదురుతున్నాయేమో అనిపించింది. వదిన ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. తర్వాత మోత పక్కకు జరిగింది. చిన్నదైంది. ఈగ చప్పుడంత అయింది. ఆ ఈగ కూడా ఎటో పోయింది.

ఇంక ఏమీ లేదు. గాలి కూడా లేదు. అంత దూరం నుంచి ఒక చోటు మొత్తం చప్పుడు లేకుండా ఉండటం వినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"బావా, ఉన్నావా?"

"ఉన్నా."

వదిన గడప మీద నుంచి లేచి, లోపలికి జరిగి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మోకాళ్లు దగ్గరికి లాక్కుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పని మీద ఉన్న మనిషిలా లేదు, తీరిక దొరికిన మనిషిలా ఉంది.

"నువ్వు నవంబర్‌లో బయల్దేరినప్పుడు, బస్టాండులో..." అని మొదలుపెట్టింది.

నేను లేచి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. లోపలికి రావడానికి లేచినట్టే లేచి, నన్ను చూసి ఆగింది.

"ఏమంటన్నాడు?"

"నాకు వినపళ్లేదమ్మా" అన్నాను.